కూత

నెలకు రెండుసార్లు, పదిహేనున, ముప్ఫైన
పద్దెనిమిది బోర్లు తిరుగుతాను.
చేతిలో టేపు చుట్ట, చంకలో రిజిస్టరు,
పెన్ను జడలో.

టేపు చివర ఇత్తడి గుండు ఉంటుంది.
బోరు గొట్టంలోకి వదిలితే
నీళ్లు తగిలిన చోట కీచుమని కూస్తుంది,
పిచ్చుక పిల్లలాగా.
ఆ కూత వినపడేదాకా ఊపిరి బిగబడుతుంది నాకు,
పదకొండేళ్లయినా.

మొదటి ఏడు డెబ్భై అడుగులకే కూసేది.
మొన్న మూడు వందల పది.
చుట్టలో ఇంకా పద్దెనిమిది అడుగుల టేపు ఉంది.

పొదిలి రోడ్డు నుంచి మా ఊరికి తిరిగే మలుపులో గుట్ట.
కలివి, బలుసు, బిక్కి ఉండేవి, మా అమ్మ మేకలు ఉండేవి.
ఇప్పుడు జామాయిల్, వరసలు వరసలుగా,
డ్రిల్లు పీరియడ్‌లో పిల్లల్లా.
కాగితాల్లో అది అడవే.
"చెట్లు వానను పిలుస్తాయమ్మా" అంటాడు వాచరు సుందరం.
పిలిచి, వచ్చిందంతా అవే తాగుతున్నట్టున్నాయి,
మా కుంటకు మాట కూడా చేరడం లేదు.

రాత్రి పదకొండుకు ట్యాంకర్లు కదులుతాయి.
పొదిలి అవతల రంగురాళ్లు పాతిన చేలకు,
ఫౌంటెన్ బొమ్మ వేసిన బోర్డుల దగ్గరకు.
వాల్వు కారుతుంటుంది.
మా ఊరి నుంచి టౌను దాకా ఒక తడి గీత,
తెల్లారేలోపు కుక్కలు దాన్ని నాకుతూ పోతాయి.
తిట్టాలని ఉంటుంది.
కానీ నా చెల్లెలు ఆ టౌనులోనే
నాలుగు రోజులకోసారి బిందెలు వరస పెడుతుంది.

అక్టోబరులో నీటి లెక్క,
మూతపడిన కోళ్లఫారం షెడ్డులో.
గోడకు చార్టు. పడిన వాన ఇంత, ఇంకింది ఇంత,
బత్తాయి తాగేది ఇంత, మిరప ఇంత, కంది కాసింత.
గుట్టకు గడి గీయలేదు. ట్యాంకరుకు గీయలేదు.
"అయ్యి మన చేతిలోయి కాదులేమ్మా" అన్నాడు ప్రెసిడెంటు.
లెక్క కుదిరింది.
కాగితం మీద నీళ్లు మిగిలాయి కూడా.

ఇక చెప్పాల్సింది ఒకటుంది.
నాలుగేళ్ల కింద, మార్చి ముప్ఫై, పదమూడో నంబరు బోరు.
మాలకొండయ్య బత్తాయికి తొలి పూత.
కూత రెండు వందల ఎనభై నాలుగులో వచ్చింది.
రెండు వందల యాభై దాటితే
ఆ చుట్టుపక్కల కొత్త బోరు వద్దని అందరం పెట్టుకున్న కట్టడి.
ఆయన ఏమీ అడగలేదు.
అడిగి ఉంటే గొడవ పెట్టుకునేదాన్ని.
గట్టు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ
చుట్టుకుపోయిన ఆకుల వైపు చూస్తున్నాడంతే.
ఎనిమిది ఉండాల్సిన చోట
నాలుగు వేశాను.

బండి వచ్చింది, రెండు రాత్రులు ఊరంతా తెల్లటి దుమ్ము.
బత్తాయి బతికింది.
మే నెలలో బడి బోరు ఆగింది.
తర్వాత తొమ్మిదో నంబరు, పెంచలమ్మది.
ఆమె ఇప్పుడు జామాయిల్ నరికే ముఠాలో
బెరడు వలుస్తోంది, టన్నుకు ఇంతని.
నన్నెవరూ ఏమీ అనలేదు.
తొలి కాపుకు మాలకొండయ్య ఒక బుట్ట పంపాడు.
తిన్నాను. తియ్యగానే ఉన్నాయి.

ఈసారి చార్టు నేనే గీస్తానని చెప్పాను.
గుట్టకు ఒక గడి, ట్యాంకరుకు ఒకటి,
నా నలభై అడుగులకు ఒకటి.
"దానికి ఏం పేరు రాస్తావే?" అంది చెల్లెలు ఫోన్లో.
ఇంకా అనుకోలేదు.

ఈరోజు పదిహేను.
ఎండిన బోరుకు రిజిస్టరులో అడ్డగీత గీస్తే చాలు,
అయినా తొమ్మిదో నంబరు మూత తీశాను.
లోపలి చల్లగాలి మొహానికి తగిలింది.
గుండు దిగీ దిగీ రాతికి కొట్టుకుని ఆగింది.
పైకి చుడుతున్నాను, మెల్లగా,
టేపును రెండు వేళ్ల మధ్య పట్టుకుని,
ఎక్కడైనా తడి అంటుతుందేమోనని.